ఫోటో నుంచి రిపీట్ డిజైన్: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల బట్టల మీదా, స్వీటు డబ్బాల మీదా, శుభలేఖల మీదా వేసే డిజైన్లు చేస్తుంటాను. ఒక ఫోటోలోంచి చిన్న ముక్క తీసుకుని, అది ఎంత దూరం పరచినా అతుకు కనబడకుండా చేయడం ఇందులో సగం పని. కొత్తగా నేర్చుకునే పిల్లలు, బొటీక్ నడిపే ఆడవాళ్లు, డీటీపీ షాపుల వాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. దేనికదే పూర్తి జవాబు కాబట్టి మీకు కావలసింది తీసి చదువుకోండి. నేను ఎక్కువగా వాడేది గింప్, కంప్యూటర్‌లో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్. ఫోటోషాప్‌లో తేడా ఉన్నచోట అదీ చెప్పాను.

## మొదలుపెట్టే ముందు

ఫోటోని పక్కపక్కనే కాపీ, పేస్ట్ చేసుకుంటూ పోతే సరిపోదా?

సరిపోదు. పక్కన పెట్టగానే మొదటి కాపీ కుడి అంచు రెండో కాపీ ఎడమ అంచుకు తగులుతుంది. ఫోటో తీసేటప్పుడు ఆ రెండు అంచులూ ఎక్కడెక్కడో ఉన్నవి. రంగు కలవదు, గీత కలవదు, వెలుగు కలవదు. అందుకే గోడకి క్యాలెండర్లు వరసగా తగిలించినట్టు కనబడుతుంది. మనకు కావలసింది కుడి అంచులో ఆగిన గీత ఎడమ అంచులో అదే ఎత్తున మొదలవడం, పైది కిందదానితో కూడా అలాగే కలవడం. అలా నాలుగు వైపులా కలిసే ముక్కనే టైల్ అంటాం. వాకిట్లో బారుగా వేసే అంచు ముగ్గు గుర్తు తెచ్చుకోండి. ఒక మెలిక ఎక్కడ ఆగిందో తర్వాతి మెలిక అక్కడే అందుకుంటుంది, చెయ్యి ఎత్తిన చోటు తెలియదు.

దీనికి ఫోటోషాప్ కొనాలా? ఖర్చు లేకుండా అయ్యే దారి లేదా?

ఉంది. గింప్ పూర్తిగా ఉచితం, 1996 నుంచీ ఉంది, ఈ పనికి కావలసిన ఆఫ్‌సెట్ (బొమ్మని జరిపేది), క్లోన్ (ఒకచోటి ముక్కని ఇంకోచోట వేసేది), హీల్ (అలా వేసి చుట్టూ రంగుకి కలిపేది) అన్నీ అందులో ఉన్నాయి. చేత్తో గీసే అలవాటు ఉంటే క్రిటా తీసుకోండి. అందులో డబ్ల్యూ మీట నొక్కితే కాగితం నాలుగు వైపులా తనను తానే కొనసాగిస్తూ కనబడుతుంది, గీస్తుండగానే రిపీట్ తయారవుతుంది. గీతల బొమ్మలకు, ముగ్గులకు ఇంక్‌స్కేప్. ఈ మూడూ ఉచితమే. ఫోటోషాప్ అలవాటైన వాళ్లు మారనక్కర్లేదు. కొత్తవాళ్లు మాత్రం నెలనెలా చందా కట్టి మొదలుపెట్టవద్దనే నా సలహా.

ఫోన్‌లో చేయొచ్చాండీ?

ఫోటో తీయడం వరకు ఫోన్ చాలు. అతుకులు సరిచేయడం వేలితో కుదరదు. పిక్సెల్ (బొమ్మలోని అతి చిన్న చుక్క) లెక్కన కదపాలి, అందుకని కంప్యూటర్ దగ్గర కూర్చోండి.

ఏ ఫోటో రిపీట్‌కి పనికొస్తుంది, ఏది పనికిరాదు?

మన చుట్టూ పనికొచ్చేవే ఎక్కువ. కొబ్బరాకు తడిక అల్లిక, తుంగ చాప, పాత మండువా ఇంటి పెంకులు, దాళ్వా నారుమడి పచ్చదనం, కడియం నర్సరీల్లో వరసగా పేర్చిన మొక్కల సంచులు, రేవులో ఆరేసిన వల, ఎండిన చెరువు మట్టి నెర్రెలు. వీటన్నిటిలో ఒకే చిన్న విషయం తనకు తానే తిరిగి తిరిగి వస్తోంది. కన్ను ఒక్కచోట ఆగదు.

పనికిరానివి ఒక్కచోటికే కన్నును లాగేవి. అంతర్వేది దగ్గర సూర్యాస్తమయం ఎంత బాగున్నా టైల్‌గా పెడితే వరసగా ఇరవై మంది సూర్యులు దిగుతారు. దగ్గర చెట్టు పెద్దగా, దూరపు చెట్టు చిన్నగా ఉన్న కొబ్బరితోట కూడా అంతే, ప్రతి అతుకు దగ్గరా దూరం ఒక్కసారిగా దగ్గరైపోతుంది. అలాంటి ఫోటో మీకు బాగా నచ్చితే మొత్తం టైల్ చేయకండి. అందులోంచి ఒక ఆకునో, పడవనో కత్తిరించి బుటాగా వాడుకోండి.

## ఫోటో తీసేటప్పుడు

ఎండలో తీస్తే రంగులు బాగా వస్తాయి కదా, నీడలో ఎందుకు తీయమంటారు?

ఎండ ఒక పక్క నుంచి పడుతుంది. ఫోటో ఒక మూల తెల్లగా, ఇంకో మూల మసగ్గా వస్తుంది. ఒక్క ఫోటోగా చూస్తే అది తెలియదు. టైల్ పరిస్తే ఆ తెల్లమూల, మసకమూల చదరంగం బల్లలా బయటపడతాయి. మబ్బు పట్టిన రోజు పదిగంటల వేళ, లేదా వసారాలో వెలుతురు నిండుగా ఉన్నప్పుడు తీయండి. ఫ్లాష్ వద్దు. కొబ్బరిచెట్టు కింద అసలే వద్దు, ఆకుల నీడలు చారలుగా పడి ఎంత తుడిచినా పోవు.

అప్పటికే తీసేసిన ఫోటో అయితే గింప్‌లో ఒక మందు ఉంది. లేయర్‌ని, అంటే బొమ్మ పొరని, డూప్లికేట్ చేసి, పై లేయర్‌ని నలుపు తెలుపు చేయండి. దానికి గాసియన్ బ్లర్ (మసక చేసే ఫిల్టర్) బాగా ఎక్కువగా ఇవ్వండి, 1200 పిక్సెల్స్ ఫోటోకి 300 దాకా. ఇప్పుడు ఆ లేయర్ మోడ్‌ని గ్రెయిన్ ఎక్స్‌ట్రాక్ట్‌గా మార్చండి. కింది ఫోటోలోంచి వెలుగు తేడా తీసేసి చిన్న వివరాలు, రంగులు మిగులుస్తుంది. తర్వాత లెవెల్స్‌తో కావలసినంత కాంతి ఇచ్చుకోవచ్చు. ఎండ మరీ చుర్రుమన్న చోట నీడల అంచులు ఇలా పోవు. మళ్లీ ఫోటో తీయడమే నయం.

లేసు ముక్కని ఫోటో తీయాలా, స్కాన్ చేయాలా?

స్కాన్. ఇందులో నాకు సందేహం లేదు. నరసాపురం లేసు అల్లికలో అందమంతా దారం మలుపుల్లో, ఆ మలుపుల మధ్య ఖాళీల్లో ఉంది. ఫోన్ లెన్సు అంచుల దగ్గర గీతల్ని కాస్త ఉబ్బిస్తుంది. మనిషి ఫోటోలో అది కనబడదు. లేసులో మాత్రం నాలుగో పువ్వు మొదటి పువ్వు కంటే లావుగా తేలుతుంది, ఇక టైల్ కలవదు.

తెల్ల లేసయితే వెనక నల్ల కాగితం కాదు, నల్లటి మందపు బట్ట వేయండి. కాగితం మెరుస్తుంది, బట్ట మెరవదు. స్కానర్ అద్దం తుడిచి, లేసుని బోర్లా పరచి, దాని మీద ఆ నల్లబట్ట కప్పి, మూత నెమ్మదిగా దించండి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే 5 సెంటీమీటర్ల పువ్వు సుమారు 1181 పిక్సెల్స్ వస్తుంది, పని చేసుకోవడానికి చాలినంత. లేసుని లాగి పరచకండి. చేత్తో అల్లినది లాగితే ఒక పక్కకే సాగుతుంది. తడిపి, ఇస్త్రీ చేసి, చల్లారాక స్కాన్ చేస్తే తిన్నగా ఉంటుంది.

కత్తిరించేటప్పుడు పువ్వు అంచు నుంచి అంచుకు కత్తిరించవద్దు. ఒక పువ్వులో బాగా గుర్తుపట్టగల ముడి ఒకటి చూసుకోండి. పక్క పువ్వులో అదే ముడి ఎక్కడుందో చూడండి. ముడి నుంచి ముడికి, నిలువునా అదే పద్ధతిలో కత్తిరిస్తే టైల్ ముప్పాతిక వంతు అప్పటికే కలిసి ఉంటుంది. మిగతా పావు వంతు అల్లిన చేతిలోని తేడా. అది కొంచెం మిగలనివ్వండి. పూర్తిగా తుడిచేస్తే మిషను లేసులా అయిపోతుంది.

పెంకుల ఫోటో పైన ఇరుకుగా, కింద వెడల్పుగా వచ్చింది. ఇది పనికొస్తుందా?

పనికొస్తుంది. గింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్ తీసుకుని, దాని ఆప్షన్లలో దిశని కరెక్టివ్‌కి మార్చండి. నాలుగు మూలల్నీ నిజంగా చతురస్రంగా ఉండాల్సిన నాలుగు పెంకుల మూలల మీదికి లాగి, ట్రాన్స్‌ఫామ్ నొక్కండి, అంతే. పైభాగం సాగదీసినందువల్ల కాస్త మసకబారుతుంది కాబట్టి టైల్‌కి కింది సగాన్నే వాడుకోండి. మళ్లీ తీసే వీలుంటే నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి, వంకర చాలావరకు పోతుంది.

## టైల్ తయారు చేసేటప్పుడు

ఆఫ్‌సెట్ అంటారు, అదేమిటి? గింప్‌లో ఎక్కడుంది?

అతుకు ఎప్పుడూ బొమ్మ అంచుల్లో ఉంటుంది, అంచు దగ్గర బ్రష్ తిప్పలేం. ఆఫ్‌సెట్ బొమ్మని సగం పక్కకీ సగం కిందికీ జరుపుతుంది. కుడివైపు బయటికి పోయినది ఎడమవైపు నుంచి లోపలికి వస్తుంది. దాంతో అంచుల్లో ఉన్న అతుకులు నాలుగూ మధ్యకొచ్చి ప్లస్ గుర్తులా నిలబడతాయి. కొత్త అంచులు ఒకప్పుడు ఫోటో నడిమధ్యలో పక్కపక్కనే ఉన్న పిక్సెల్స్ కాబట్టి అవి ఎలాగూ కలుస్తాయి.

గింప్‌లో లేయర్ మెనూ, ట్రాన్స్‌ఫామ్, ఆఫ్‌సెట్. మీటలు షిఫ్ట్, కంట్రోల్, ఓ. అందులో వెడల్పులో సగం, ఎత్తులో సగం అనే బటన్ నొక్కి, అంచుల దగ్గర ర్యాప్ అరౌండ్ ఎంచుకోండి. ఫోటోషాప్‌లో ఫిల్టర్ మెనూ, అదర్, ఆఫ్‌సెట్. అక్కడ సగం లెక్క మీరే వేసి అంకెలు ఇవ్వాలి, కింద ర్యాప్ అరౌండ్ పెట్టాలి. వెడల్పు, ఎత్తు సరిసంఖ్యలు అయితే మేలు, 1000 అయితే 500.

ఇప్పుడు మధ్యలో ఉన్న ప్లస్ గుర్తుని క్లోన్‌తోనో హీల్‌తోనో కప్పేయండి. ఒక్క జాగ్రత్త, బ్రష్ అంచుల దాకా పోకూడదు. పోతే కొత్త అతుకు పుడుతుంది. పని అయ్యాక ఇంకోసారి ఆఫ్‌సెట్ కొట్టి చూడండి. ఏ గీతా కనబడకపోతే టైల్ కుదిరినట్టే.

క్లోన్ టూల్ వాడితే మచ్చలు మచ్చలుగా వస్తోంది. నా చెయ్యి సరిగా లేదా?

చేతిది తప్పు కాదు. మెత్తటి బ్రష్ వాడుతున్నారు. మెత్తటి అంచున రెండు బొమ్మలు కలిసి మసకబారుతాయి, ఆ మసకే మచ్చ. చాప, తడిక, పెంకు లాంటి గీతలున్న వాటికి కొంచెం గట్టి బ్రష్ పెట్టండి, ఒక పుల్ల మొత్తాన్ని లేదా ఒక పెంకు మొత్తాన్ని తెచ్చి కప్పండి. సగం పుల్ల తెస్తే ఎక్కడో విరిగినట్టు తెలిసిపోతుంది. ఇసుక, మట్టి, నీరు లాంటి వాటికి హీల్ టూల్ బాగుంటుంది, అది చుట్టుపక్కల రంగుకి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒకే చోటు నుంచి పదిసార్లు క్లోన్ చేయకండి. నాలుగు చోట్ల నుంచి కొంచెం కొంచెం తెచ్చుకోండి.

టైల్ సీమ్‌లెస్ అని ఒక ఫిల్టర్ ఉంది కదా, ఒక్క క్లిక్‌తో అయిపోతుందట?

గింప్‌లో ఫిల్టర్స్, మ్యాప్ కింద ఉంది. అది బొమ్మ మీద ఆఫ్‌సెట్ చేసిన బొమ్మని పలచగా కలుపుతుంది. గోదారి నీటి అలలు, ఇసుక, గడ్డికి చక్కగా పనిచేస్తుంది. లేసుకీ, పెంకుకీ, పువ్వుకీ పనిచేయదు. ఒక పువ్వులోంచి ఇంకో పువ్వు నీడలా కనబడుతుంది.

సగం బొమ్మని అద్దంలోలా తిప్పి అతికిస్తే అతుకే రాదు కదా?

అతుకు రాదు. కానీ అద్దం గీత మీద ఏ మచ్చ పడినా అది రెండు పక్కలా సమానమై కళ్లు, ముక్కు, సీతాకోకచిలుక అయి కూర్చుంటుంది. చెక్క మీద, రాతి మీద ఇది మరీ ఎక్కువ. ఒక్కసారి ఆ మొహం కనబడ్డాక మన కన్ను ఇక దాన్ని వదలదు. కావాలనే సమానంగా ఉండే పద్మాల ముగ్గుల్లాంటి వాటికి అద్దం పద్ధతి అందమే. మిగతా చోట్ల వాడొద్దు.

కత్తిరించిన పువ్వుల్ని చల్లినట్టు వేయాలి. అంచు మీద పడ్డ పువ్వు సగం తెగిపోతోంది. ఏం చేయాలి?

తెగిపోయిన సగం రెండో వైపు ఉండాలి. టైల్ వెడల్పు 1000 పిక్సెల్స్ అయితే, కుడి అంచు దాటిన పువ్వుకి ఒక కాపీ తీసి సరిగ్గా 1000 పిక్సెల్స్ ఎడమకి జరపండి. చేత్తో లాగి సుమారుగా పెట్టకండి, అంకె ఇచ్చి జరపండి. మూల మీద పడిన పువ్వు అసలుతో కలిపి నాలుగు చోట్ల ఉండాలి.

ఇంతకంటే సులువైన దారి ఒకటుంది. ముందు పువ్వులన్నీ అంచులకు తగలకుండా మధ్యలోనే చల్లి, లేయర్లు కలిపి, ఆఫ్‌సెట్ కొట్టండి. ఇప్పుడు ఖాళీలు మధ్యకొస్తాయి. ఆ ఖాళీల్లో మిగతా పువ్వులు పెట్టండి. తెగడమన్న మాటే ఉండదు. మాలలు కట్టేవాళ్లు కనకాంబరాల మధ్య మరువం దూర్చినట్టు, పెద్ద పువ్వులు ముందు, చిన్నవీ ఆకులూ తర్వాత.

## పరచి చూసేటప్పుడు

బుటాలు ఒకదాని పక్కన ఒకటి తిన్నగా కాకుండా, ఒకటి పైకీ ఒకటి కిందికీ రావాలి. అది ఎలా?

ఇది మన ఇళ్లలో తెలిసిన విద్యే. ముగ్గుకి చుక్కలు పెట్టేటప్పుడు ఎదురు చుక్కలు, సందు చుక్కలు అని రెండు రకాలు కదా. ఎదురు చుక్కల్లో చుక్క కింద చుక్క. సందు చుక్కల్లో పై వరస రెండు చుక్కల సందులో కింది వరస చుక్క. బట్టల డిజైన్‌లో హాఫ్ డ్రాప్, బ్రిక్ అని పెద్ద పేర్లతో చెప్పేవి ఈ సందు చుక్కలే. నిలువు వరసలు సగం దిగితే హాఫ్ డ్రాప్, అడ్డ వరసలు సగం జరిగితే బ్రిక్. కొబ్బరితోటలో త్రికోణ పద్ధతిలో మొక్కలు నాటేదీ ఇలాగే. అప్పుడు కన్ను నిలువు బాటలో పరుగెత్తదు, ఐమూలగా తిరుగుతుంది. చీర కట్టుకున్నప్పుడు కుచ్చిళ్ల దగ్గర బుటాలు ఒకే గీతలో పడకుండా ఉండేది ఇందువల్లే.

గింప్‌లో చేసే పద్ధతి ఇది. మీ టైల్ 800 × 800 అనుకుందాం. కాన్వాస్ వెడల్పు 1600 చేయండి, ఎత్తు 800 ఉంచండి. లేయర్‌ని డూప్లికేట్ చేసి, ఆ డూప్లికేట్‌కి మాత్రమే ఆఫ్‌సెట్ ఇవ్వండి. అడ్డంగా 0, నిలువుగా 400, ర్యాప్ అరౌండ్. తర్వాత దాన్ని 800 పిక్సెల్స్ కుడికి జరిపి రెండూ కలపండి. ఈ 1600 × 800 ముక్కే ఇక మీ కొత్త టైల్. మామూలుగా పరిస్తే సందు చుక్కల్లా పడుతుంది.

చాలామంది ఇక్కడ ఒక చోట పొరపాటు పడతారు. వెనక రంగు సాదాగా ఉంటేనే ఇది నేరుగా కుదురుతుంది. వెనక చాపో, నూలు బట్ట నేతో ఉంటే రెండో నిలువు వరస సగం దిగినప్పుడు ఆ నేత మొదటి వరస అంచుతో కలవదు. అప్పుడు వెనక నేతకి విడిగా 1600 × 800 టైల్ చేసుకుని, బుటాల్ని దాని మీద వేరే లేయర్‌లో పెట్టండి.

అతుకు ఎక్కడా కనబడట్లేదు, అయినా దూరం నుంచి చూస్తే గళ్లు గళ్లుగా ఉంది. ఎందుకని?

నా దృష్టిలో ఈ పని మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. అతుకు దాచడం సగం పని. టైల్‌లో ఒక్కచోట మిగతా వాటి కంటే నల్లగానో, పెద్దగానో, ఎర్రగానో ఏదైనా ఉంటే, కన్ను దాన్ని పట్టుకుంటుంది. తర్వాతి టైల్‌లోనూ అది సరిగ్గా అదే చోట ఉంటుంది. అంతే, మెదడు గీతలు గీసేస్తుంది.

నేను మొదట్లో తుంగ చాప ఫోటోతో కుషన్ల బట్టకి డిజైన్ చేశాను. అతుకులు రెండు రోజులు కూర్చుని తీసేశాను. ఒక పుల్ల మీద చిన్న గోధుమరంగు మచ్చ ఉంది, సహజంగా ఉంటుందిలే అని వదిలేశాను. టైల్ 20 సెంటీమీటర్లు. బట్ట 1.1 మీటరు వెడల్పు, 12 మీటర్ల పొడవు. అచ్చయి వచ్చాక విప్పి చూస్తే ఆ మచ్చ 300 సార్లకు తక్కువ కాకుండా ఉంది. బట్టకి ఏదో తెగులు సోకినట్టు కనబడింది. కొన్నవాళ్లకి డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ బట్ట ముక్క ఒకటి ఇప్పటికీ నా బల్ల పక్కన గోడకి ఉంది, నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లకి ముందు అదే చూపిస్తాను.

దీన్ని ముందే పట్టుకోవాలంటే టైల్‌ని కనీసం 4 × 4 పరచండి. జూమ్ 25 శాతానికి తగ్గించండి. లేచి గది అవతలి గోడ దగ్గర నిలబడి, కళ్లు చికిలించి చూడండి. ముందు ఏది కనబడితే దాన్ని తుడిచేయండి. మళ్లీ పరచండి, మళ్లీ చూడండి. రెండోసారి ఇంకోటి కనబడుతుంది. మూడు నాలుగు సార్లకి కన్ను ఎక్కడా ఆగదు. నలుపు తెలుపు చేసి చూసినా వెలుగు తేడాలు త్వరగా దొరుకుతాయి.

ఇంకో ఉపాయం కూడా ఉంది. రెండు లేయర్లు వేరువేరు కొలతల టైల్స్‌గా పెట్టండి. కింద నేత 700 పిక్సెల్స్‌కోసారి, పైన ఆకులు 900 పిక్సెల్స్‌కోసారి తిరిగితే, ఆ రెండూ కలిసి మళ్లీ మొదటిలా రావడానికి 6300 పిక్సెల్స్ పడుతుంది. ఆదివారమూ అమావాస్యా కలిసి రావడం అరుదైనట్టే. చిన్న టైల్స్‌తోనే పెద్ద రిపీట్ దొరుకుతుంది.

చేసిన టైల్‌ని ప్యాటర్న్‌గా ఎలా దాచుకోవాలి?

గింప్‌లో మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టి, ఎడిట్ మెనూలో పేస్ట్ యాజ్ కింద న్యూ ప్యాటర్న్ ఎంచుకుని పేరు పెట్టండి. తర్వాత బకెట్ ఫిల్‌లో ప్యాటర్న్ ఫిల్ పెట్టి పోయొచ్చు. ఫోటోషాప్‌లో ఎడిట్ మెనూ, డిఫైన్ ప్యాటర్న్. కొత్త వెర్షన్లలో వ్యూ మెనూలో ప్యాటర్న్ ప్రివ్యూ కూడా ఉంది, పని చేస్తుండగానే పరచినట్టు చూపిస్తుంది. అసలు ఫైల్ లేయర్లతో విడిగా దాచడం మర్చిపోవద్దు, రంగు మార్చమని కస్టమర్ తప్పకుండా అడుగుతారు.

టైల్ బాగానే ఉంది, సైజు తగ్గించాక సన్నటి గీత వస్తోంది. ఇదెక్కడి గీత?

సైజు మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ ప్రతి పిక్సెల్‌ని పక్క పిక్సెల్స్‌తో కలిపి కొత్త రంగు లెక్కిస్తుంది. అంచు దగ్గర పక్కన ఏమీ లేదనుకుంటుంది, ఎదుటి అంచు దాని పక్కదని దానికి తెలియదు. బ్లర్, షార్పెన్ చేసినా ఇదే జరగొచ్చు. అందుకని టైల్‌ని ముందు 3 × 3 పరచి, ఆ పెద్ద బొమ్మకి సైజు తగ్గించి, మధ్య ముక్కని కత్తిరించి తీసుకోండి. దానికి చుట్టూ నిజమైన పొరుగు ఉంది కాబట్టి గీత రాదు. 1000 నుంచి 400కి అంటే 3000 బొమ్మ 1200 అవుతుంది, మధ్య ముక్క 400 నుంచి 800 వరకు. కొలతల్లో దశాంశం రాకుండా చూసుకోండి, 333.3 లాంటి అంకె వచ్చిందంటే గీత ఖాయం.

రిపీట్‌లు మొత్తం 17 రకాలే అని విన్నాను, నిజమేనా?

నిజమే. చదునైన తలం మీద రెండు దిక్కులా తిరిగి వచ్చే డిజైన్లను జరపడం, తిప్పడం, అద్దం పట్టడం అనే లెక్కన విడదీస్తే సరిగ్గా 17 తరగతులే వస్తాయి. 1891లో ఫెదరోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త దీన్ని నిరూపించాడు. ఇంక్‌స్కేప్‌లో ఎడిట్, క్లోన్, క్రియేట్ టైల్డ్ క్లోన్స్ తెరిస్తే ఆ 17 వరసగా ఉంటాయి. ఒకే మామిడిపిందె గీసి పదిహేడింటిలోనూ వేసి చూడండి, ఒక సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది.

## అచ్చుకు పంపేటప్పుడు

300 డీపీఐ ఉండాలంటారు. నా టైల్ ఎన్ని పిక్సెల్స్ ఉండాలి?

అచ్చులో టైల్ ఎన్ని సెంటీమీటర్లో ముందు తేల్చుకోండి. దాన్ని 2.54తో భాగించి డీపీఐతో గుణించండి. శుభలేఖ మీద 10 సెంటీమీటర్ల టైల్‌కి 300 చొప్పున 1181. బట్ట మీద 150 చాలు కాబట్టి 591. ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది, అడుగు టైల్‌కి 72 చొప్పున 864 చాలు. చిన్న ఫైల్‌లో డీపీఐ అంకె మార్చినంత మాత్రాన కొత్త వివరాలు పుట్టవు.

పూతరేకుల డబ్బాకి వేశాం. డబ్బా మలుపు దగ్గర డిజైన్ తెగిపోతోంది.

డబ్బా కొలతని టైల్ కొలత సరిగ్గా భాగించడం లేదు. డబ్బా 20 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు అనుకోండి. చుట్టుకొలత 64. టైల్ 7 అయితే తొమ్మిది టైల్స్ పోను ఒక సెంటీమీటరు మిగిలి, అంటించే చోట తేడా వస్తుంది. 8 అయితే చుట్టూ తిరిగొచ్చి కలుస్తుంది. 4 అయితే ఇంకా బాగు. పొడవు పక్క 5, వెడల్పు పక్క 3, ప్రతి మూలా టైల్ అంచు మీదే పడుతుంది. కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా పరచండి. ఆ అదనం కూడా రిపీట్ కొనసాగింపే కావాలి, అంచుని సాగదీసి నింపొద్దు.

జేపీజీలో పంపమంటున్నారు, పంపొచ్చా?

పూర్తిగా పరచిన పెద్ద ఫైల్‌ని మంచి క్వాలిటీలో పంపితే ఫరవాలేదు. విడి టైల్ మాత్రం పీఎన్‌జీ లేదా టిఫ్‌లోనే. జేపీజీ బొమ్మని 8 × 8 పిక్సెల్స్ గళ్లుగా కుదిస్తుంది. క్వాలిటీ తగ్గేకొద్దీ రెండు అంచులూ వేరువేరుగా మారి, మీరు తీసేసిన అతుకు మళ్లీ వస్తుంది.

స్క్రీన్ మీద చిలకపచ్చ, అచ్చులో గడ్డిపచ్చ. ఎందుకు?

స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు సిరాతో. చిలకపచ్చ, నెమలినీలం లాంటి కొన్ని మెరుపు రంగులు నాలుగు సిరాల్లో రావు. మొత్తం అచ్చు వేయించే ముందు రెండు టైల్స్ మేర నమూనా ముక్క వేయించి, పగటి వెలుతురులో చూసుకోండి.

## హక్కులు, మర్యాదలు

ఉప్పాడ చీర బుటాని ఫోటో తీసి అచ్చు బట్ట మీద వేయమని అడుగుతున్నారు. వేయొచ్చా?

నేను వేయను. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నరసాపురం లేసు అల్లికకి 2024లో. అచ్చు బట్టకి ఆ పేరు తగిలించి అమ్మితే చట్టం ఒప్పుకోదు. పేరు పెట్టకపోయినా, జాందానీలో ప్రతి బుటా నేసేవాళ్లు మగ్గం మీద చేత్తో దారం దూర్చి పెట్టినది. ఇంకొకరు గీసిన డిజైన్ రిజిస్టర్ అయి ఉంటే 2000 నాటి డిజైన్ల చట్టం దానికి 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఇస్తుంది. మామిడిపిందె, హంస, తామర అందరివీ. వాటిని మీ చేత్తో మీరు గీసుకోండి.

దేవుడి బొమ్మల్ని రిపీట్ చేసి గిఫ్ట్ కాగితం చేయొచ్చా?

గిఫ్ట్ కాగితం చింపుతారు, నేల మీద పడేస్తారు, తొక్కుతారు. టైల్ అంచు దేవుడి మొహం మీదుగా పోయే ప్రమాదమూ ఉంది. అడిగినవాళ్లకి తామర, గంట, దీపం, మామిడాకు తోరణం వేసిస్తాను. ఇప్పటివరకు ఎవరూ కాదనలేదు.

మా అమ్మమ్మ ముగ్గుల నోటు పుస్తకం ఉంది. గీతల కాగితం, పెన్సిల్‌తో వేసింది. దాన్నుంచి డిజైన్ చేయొచ్చా?

తప్పకుండా. కాగితం మీది నీలం గీతలే అడ్డం, వాటికి దారి ఉంది. పేజీని రంగుల్లో స్కాన్ చేయండి. గింప్‌లో కలర్స్, కాంపొనెంట్స్, ఎక్స్‌ట్రాక్ట్ కాంపొనెంట్ తెరిచి నీలం భాగాన్ని ఎంచుకోండి. నీలంలో చూస్తే నీలం గీతలూ తెల్ల కాగితమూ దాదాపు ఒకటే, అందుకని గీతలు వెలిసిపోతాయి. పెన్సిల్ గీత నల్లగా నిలుస్తుంది. లెవెల్స్‌తో మిగిలిన మసక తీసేయండి. నీలం పెన్నుతో వేసిన పేజీలకు ఇది పనికిరాదు, వాటిని కొత్త లేయర్ మీద చేత్తో గీసుకోవాల్సిందే.

టైల్ కొలతకి ఆమె పెట్టిన చుక్కలే ఆధారం. ఒక మెలిక పూర్తవడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టండి. చేత్తో పెట్టిన చుక్కలు ఒక్కొక్కటీ కాస్త అటూ ఇటూ ఉంటాయి కాబట్టి పది చుక్కల దూరం కొలిచి పదితో భాగించి సగటు తీసుకోండి. ఆ సగటుతో గైడ్ గీతలు వేసుకుని, టైల్ నాలుగు మూలలకి మాత్రమే చుక్కల్ని సర్దండి. లోపలి గీతల్ని తిన్నగా చేయకండి. వేలు ఒత్తిన చోట లావుగా, తేలిన చోట సన్నగా ఉన్న గీత ఆమెది, దాన్ని అలాగే ఉంచండి. పేజీ మీద పక్కన రాసుకున్న చుక్కల లెక్క ఉంటే, ఆ అక్షరాలతో సహా అసలు స్కాన్‌ని ఏ మార్పూ చేయకుండా ఇంకోచోట దాచిపెట్టండి.